ముక్కు కోసిన పెట్టె

న్యూ లాండౌ, నార్త్ డకోటా
1986 మే 4, ఆదివారం

చిరంజీవి వెండెల్‌కు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి కనుక రాస్తున్నాను. మీ తాతయ్య ఎడమ కాలి వేళ్ళు రెండు తప్ప అందరం క్షేమం. ఆ రెండూ ఇప్పుడు మా దగ్గర లేవు. నువ్వు ఆ ఓడ మీద వేళకు తింటున్నావనీ, తడిసిన మేజోళ్ళు వెంటనే మార్చుకుంటున్నావనీ అనుకుంటాను. ఈ ఇంట్లో మేజోళ్ళ సంగతి ఇప్పుడు చిన్న విషయం కాదు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఒకసారి చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివేసరికి పొయ్యి మీద సూప్ అడుగంటింది. ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో పిల్లల రాతలు దిద్దాను. ఇంత తెలివితక్కువ రాత ఎవరి దగ్గరా చూడలేదు. అదీ నా మనవడి దస్తూరీలో.

“అమ్మమ్మా, నా మీద కోపంగా ఉన్నావా?” అని అడిగావు. ఉన్నాను. నీ మీద ఉంది, మీ తాతయ్య మీద ఉంది, ఇంకొకరి మీద కూడా ఉంది. వాళ్ళ సంగతి తర్వాత. ముందు నువ్వు.

జూన్‌లో నౌకాదళంలో నీ గడువు తీరుతుంది. మైనాట్‌లో బండ్ల సీట్లు కుట్టే హెల్మర్, తాతయ్య అటు వెళ్ళినప్పుడు మా పికప్ బండిలో నువ్వు చేసిన పెట్టెను చూసి, నిన్ను పనికి రమ్మన్నాడు. నువ్వు అడగకుండానే రమ్మన్నాడు. పన్నెండో ఏట ట్రాక్టరు సీటు విప్పేసి, మళ్ళీ కుట్టి, మీ తాతయ్యను కూర్చోబెట్టి చుట్టూ తిరిగి చూసుకున్నవాడివి. ఇంకే పనీ నీకు నచ్చలేదు. అలాంటివాడివి ఇప్పుడు “నా చేతి పని తాతయ్యను కుంటివాణ్ణి చేసింది. హెల్మర్‌కు రానని రాసేశాను. ఇక జన్మలో కొలత టేపు ముట్టుకోను. ఆ కన్సోల్‌ను ఊడదీసి పొయ్యిలో పెట్టెయ్యండి” అని రాస్తావా? ఎవరి అనుమతితో రాశావు? ఎవరిని అడిగావు?

సరే. నీ ప్రశ్నలకు జవాబులు చెబుతాను.

తాతయ్య కాలు మానుతోంది. కర్ర పట్టుకుని గొడ్లపాక దాకా వెళ్ళి వస్తున్నాడు. కర్ర వద్దంటాడు. చర్చికి వెళ్ళినప్పుడు మాత్రం తీసుకుంటాడు, అందరూ అడుగుతారు కనుక. కిందటి ఆదివారం ఎవరో పాపం అనబోతే “వేళ్ళు రెండు పోతే ఏమైందిలే, బూటు వదులైంది, హాయిగా ఉంది” అన్నాడు. అందరూ నవ్వారు. నేను అతని భుజం గిల్లాను.

ఆవు బతికింది. దూడా బతికింది, పెయ్యదూడ. దాని సంగతి కిందకు వస్తుంది.

పెట్టెను పొయ్యిలో పెట్టలేదు. నువ్వు దాన్ని కన్సోల్ అంటావు, నేను పెట్టె అంటాను. ఎందుకు పెట్టలేదో చెప్పాలంటే అక్టోబరు నుంచి రావాలి. నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నానని విసుక్కోకు. నాకు వరసగా తప్ప రాయడం రాదు. పైగా నీకు తెలిసింది సగమే.

అక్టోబరులో నువ్వు సెలవు మీద వచ్చావు. వచ్చిన రెండో రోజున, కాఫీ తాగుతూ, పికప్‌లో తాతయ్య సామాన్లకు ఒక చోటు లేదన్నావు. మాట నిజమే. పట్టకార్లు, దూడలకు వేసే సూదిమందు సీసాలు, చెవి బిళ్ళలు, కాఫీ ఫ్లాస్కు, గ్రీజు గుడ్డలు, అన్నీ స్టీరింగు ముందర పలక మీద పోసి ఉండేవి. బ్రేకు వేసినప్పుడల్లా ఒళ్ళో పడేవి. తాతయ్య ఒళ్ళో కాదు, నా ఒళ్ళో.

“కన్సోల్ చేసి పెడతా తాతయ్యా” అన్నావు.

“అదేంట్రా?”

“రెండు సీట్ల మధ్య పెట్టె.”

“రెండు సీట్లెక్కడివి? పొడుగూతా ఉన్నది ఒకటేగా.”

“పెట్టె పెడితే రెండవుతాయి.”

మీ తాతయ్య ఇదేదో గొప్ప లెక్క తేలినట్టు తొడ మీద చరుచుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. నువ్వు చూశావో లేదో నాకు తెలియదు. చూడలేదనే అనుకుంటాను.

ఇక అక్కడి నుంచి నా ఇల్లు ఇల్లు కాదు. అల్మారాలో ఉన్న కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలన్నీ కత్తిరించావు. లోపల ఉన్నదంతా నా పిండి డబ్బాలో పోశావు. ఆ అట్టముక్కలు తీసుకుపోయి, బండి నేల మధ్యలో ఎత్తుగా ఉండే ఆ మూపురం మీద పెట్టి, గీసి, కోసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కోసి, వెంట్రుక దూరనంతగా నమూనా చేశావు. ఆ నమూనాతో ప్లైవుడ్ కోశావు. మూతకు, దాని కింది చట్రానికి మంచి చెక్క కావాలనేసరికి మీ తాతయ్య, నా వంటింటి అరకని ఏడేళ్ళుగా దాచిన ఓక్ పలక తెచ్చి ఇచ్చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. “అర లేకపోతే ఏం టీలీ, ఏడేళ్ళు లేకుండానే గడిచిందిగా” అన్నాడు.

వార్నిష్ వేసే రోజున షెడ్డు నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణిచావు. తాతయ్యను ట్రాక్టరు తియ్యనివ్వలేదు. అయినా ఒక ఈగ వచ్చి రెండో పూత మీద వాలింది. నువ్వన్న మాట నేను వంటింట్లోంచి విన్నాను. ఓడ మీద అలాంటి మాటలు నేర్పుతారని తెలిసి ఉంటే నిన్ను నౌకాదళం కాగితాల మీద సంతకం పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆ పూతంతా మళ్ళీ గరుకు కాగితంతో తీసి, మళ్ళీ వేశావు. పెట్టె ముందు భాగంలో మీ తాతయ్య ఫ్లాస్కు కూర్చునే గుండ్రటి చోటు, దాని ముందు పడవ ముక్కులా వంగిన అంచు. ఆ ముక్కు మూలను నువ్వు ఎంతసేపు అరగదీశావో! చేత్తో తడిమి చూసుకుని మళ్ళీ అరగదీసేవాడివి. తాతయ్య బకెట్టు బోర్లించుకుని కూర్చుని నిన్నే చూసేవాడు. గొడ్లకు మేత ఆలస్యమయ్యేది.

మూత మీద మెత్తటి తొడుగు నేనే కుట్టాను. ఆ ముదురెరుపు రెగ్జిన్ నీ దగ్గర పెడితే కుట్టు వంకర పోతుందని నాకు తెలుసు. వంకర కుట్టు నా ఇంట్లో నేను భరించలేను. నా మిషను సూదులు రెండు విరిగాయి. అంచు చుట్టూ తాడు పెట్టి కుట్టమన్నావు, కుట్టాను. నువ్వు స్పాంజి పరిచి, రెగ్జిన్ లాగి పట్టుకుని, అడుగున పిన్నులు కొట్టావు. ఒక్క ముడతా రాలేదు. బోల్టులతో నేలకు బిగించాక ముగ్గురం తలుపులు తెరిచి నిలబడి చూశాం. బాగుంది. బాగున్నదాన్ని బాగాలేదని నేను ఎప్పుడూ అనలేదు. అప్పుడూ అనలేదు. దుమ్ము అన్నాను, వాసన అన్నాను, అట్టపెట్టెలన్నాను. బాగాలేదని మాత్రం అనలేదు.

ఇప్పుడు మార్చి.

మార్చి చివర గంబో లేచింది. ఈ బంకమట్టి ఎలాంటిదో నీకు చెప్పనక్కర్లేదు. శీతాకాలమంతా రాయిలా ఉండి, కరిగిన వారంలో చక్రాన్ని పట్టుకుంటే వదలదు. ఆ రోజు మంచూ వానా కలిసి పడుతున్నాయి. తొలిచూలు ఆవు ఒకటి వాగు పల్లంలోకి దిగి తిరిగి రాలేదు. మీ తాతయ్య మధ్యాహ్నం భోజనం సగంలో లేచాడు. “పక్క పొలం బాల్జర్‌ను పిలువు, ఇద్దరూ వెళ్ళండి” అన్నాను. “ఆవు ఈనడానికి బాల్జర్ ఎందుకే, వాడేమైనా మంత్రసానా?” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ ఏం జరిగిందో అతను నీకు నాలుగు వాక్యాల్లో రాశాడు. నేను పూర్తిగా రాస్తాను. ఆవు వాగు ఒడ్డున ఈనింది. దూడ నీళ్ళల్లోకి జారింది. మీ తాతయ్య బూట్లలోకి నీళ్ళు పోయేదాకా దిగి, దాన్ని లాగి, తన కోటులో చుట్టి, బండిలో హీటరు కింద నేల మీద పడుకోబెట్టాడు. బండి కదిలించాడు. బండి కూరుకుపోయింది. అప్పుడు నీ పెట్టెకు ముందు నేలలోంచి లేచి ఉండే ఇనుప లివరు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపేది, లాగాడు. ఒక గాడి వెనక్కి వచ్చి నాలుగు చక్రాలూ తిరిగాయి. మంచులో అయితే అది చాలు. గంబోలో చాలదు. చివరి గాడిలోకి లాగాలి, అప్పుడే చక్రాలు నెమ్మదిగా, ఎద్దు బలంతో తిరుగుతాయి. లాగాడు. లివరు వచ్చి నీ పెట్టె ముక్కుకు తగిలి ఆగిపోయింది.

అక్టోబరులో నేల ఎండి ఉంది. బండి షెడ్డులో ఉంది. లివరు ముందుకు నెట్టి ఉంది, నువ్వు అలాగే కొలిచావు. ఏటేటా వసంతంలో ఆ లివరు లాగే మీ తాతయ్య బకెట్టు మీద కూర్చుని చూస్తూ కూడా “ఇది వెనక్కి కూడా వస్తుందిరా” అనలేదు. ఇది నీకు అతను రాశాడు. రాయనిది ఒకటి ఉంది.

కంచె మేకులు కొట్టే సుత్తి ఎక్కడుందో తెలుసా? దానికోసమని నువ్వు ఆ పెట్టె పక్కన చేసిన గాడిలోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆ ముక్కు మీద రెండు దెబ్బలు వేస్తే ప్లైవుడ్ ఊడిపోయేది, లివరు వచ్చేది, బండి లేచేది, మీ తాతయ్య సాయంత్రం కాఫీకి ఇంట్లో ఉండేవాడు. సుత్తి తీశాడట. తీసి, చూసి, మళ్ళీ గాడిలో పెట్టేశాడట. దూడకు హీటరు ఉండాలని ఇంజను ఆపకుండా వదిలి, కోటు లేకుండా, నీళ్ళు నిండిన బూట్లతో, ఎదురుగాలిలో నడిచి వచ్చాడు. రెండున్నర మైళ్ళు. పొద్దు కుంకేవేళకు తలుపు దగ్గర నిలబడి “టీలీ, కాస్త బూట్లు లాగు, నా చేతులు పనిచెయ్యట్లేదు” అన్నాడు.

నేను బూట్లు లాగాను. ఆ తర్వాత చూసింది నీకు రాయను.

చలికి చచ్చిపోయిన ఆ రెండు వేళ్ళూ తీసేశాక ఆసుపత్రిలో అడిగాను. “సుత్తి పక్కనే ఉందిగా! నీకు బుద్ధి ఉందా పయస్? ఒక చెక్కపెట్టె ముక్కు కోసం నీ కాలు ఇచ్చుకుంటావా?”

దుప్పటి కేసి చూస్తూ అన్నాడు. “ఎలా కొడతాను టీలీ? ఆ మూల వాడు ఎంతసేపు అరగదీశాడో నువ్వూ చూశావుగా.”

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. పక్క మంచం మీద మనిషి ఉన్నాడని కూడా చూడకుండా కేకలేశాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. ఈ వయసులో, జీవితంలో మొదటిసారి, నన్ను ఒక గదిలోంచి బయటికి పంపారు.

బండిని బాల్జర్ ట్రాక్టరుతో లాగి తెచ్చాడు. నా బడిలో మూడో తరగతి రెండుసార్లు చదివిన బాల్జర్. వాకిట్లో నిలబడి “టీచర్, దూడ నిక్షేపంలా ఉంది. ఆ మెత్తటి మూత మూల నోట్లో పెట్టుకుని చీకుతోంది. తల్లి పొదుగనుకుంది కాబోలు” అన్నాడు. అంతేకాదు, బండంతా పేడ. నీ ఓక్ చెక్క మీద, నా ఎర్ర రెగ్జిన్ మీద, ఫ్లాస్కు గుంటలో. అదంతా నేనే కడిగాను. వార్నిష్ చెక్కు చెదరలేదు. నీ మూడు పూతలూ నిలబడ్డాయి. ఇది నువ్వు తెలుసుకోవాలి.

అక్కడే నిలబడి బాల్జర్ ఇంకో మాట కూడా అన్నాడు. “వెండెల్ వచ్చాక నా బండికీ ఒకటి చేసి పెట్టమనండి టీచర్.” 

“ఈ పెట్టె ఏం చేసిందో చూశావు కదా” అన్నాను. 

“నా బండికి ఆ లివరే లేదుగా” అన్నాడు. మూడో తరగతి రెండుసార్లు చదివించడం వృథా పోలేదు.

ఇక మూడో మనిషి.

నిన్న హెల్మర్ ఫోన్ చేశాడు. నీ ఉత్తరం అతనికి అందింది. “కుర్రాడు ఏదో పెద్ద నేరం చేసినట్టు రాశాడమ్మా. కొలత తప్పాడట కదా?” అన్నాడు.

“తప్పాడు” అన్నాను.

“మా షాపులో అందరం తప్పాం. ఎవరో ఒకరు పట్టుకుంటారు, దిద్దుతాం. మీ ఇంట్లో ఎవరూ పట్టుకోలేదా?”

పొయ్యి మీద పాలు ఉన్నాయన్నాను. అతను గట్టి మనిషి. ఫోను పెట్టెయ్యలేదు. చివరికి “నేను పట్టుకున్నాను” అన్నాను.

“ఎప్పుడు?”

“అక్టోబరులో.”

“ఆ సంగతి కుర్రాడికి తెలుసా?” అన్నాడు. తెలియదన్నాను. “అయితే ముందు అతనికి చెప్పండి. నా బల్ల నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతాను” అని పెట్టేశాడు. పరాయి మనిషి, ఎన్నడూ నేను ముఖం చూడనివాడు, నాకు పాఠం చెప్పాడు. ఒప్పుకోక తప్పని పాఠం.

కనుక చెబుతున్నాను, వెండెల్. ఆ మూడో మనిషిని నేనే. నువ్వు బయలుదేరే ముందు రోజు, మర్నాటి చర్చికని నేను బండి లోపల తుడుస్తున్నాను. లివరు చుట్టూ ఉన్న రబ్బరులో రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది. దులపడానికి లివరు వెనక్కి లాగాను. టక్కుమని పెట్టెకు తగిలింది. నేను ఏ లెక్కనైనా సరిచూడకుండా వదిలేదాన్ని కాదని నీకు తెలుసు. ఆప్రాన్ జేబులోంచి కుట్టుపని టేపు తీసి కొలిచాను. చివరి గాడికి అంగుళంపావు తక్కువైంది. వసంతంలో ఏం జరుగుతుందో అక్కడే, ఆ నిమిషమే నాకు అర్థమైంది. లివరు మళ్ళీ ముందుకు నెట్టాను. రబ్బరు తుడిచాను.

అప్పుడే నువ్వు తలుపు దగ్గరికి వచ్చి “ఎలా ఉంది అమ్మమ్మా, నిజం చెప్పు” అన్నావు.

“వార్నిష్ వాసన ఇంకా పోలేదు” అన్నాను.

వాసన నిజంగానే పోలేదు. కానీ అది జవాబు కాదు. బడిలో ఎవరైనా అలాంటి జవాబు చెబితే పీరియడు అయ్యేదాకా నిలబెట్టేదాన్ని.

ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి. దీనికోసం ఉదయం నుంచి రెండు కాగితాలు చింపాను.

మాకు పెళ్ళయిన వారానికి మీ తాతయ్య తన తండ్రిని అడిగి ఆయన పికప్ తెచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. “అంత దూరంగా కూర్చుంటే చూసినవాళ్ళు పోట్లాడుకున్నామనుకుంటారు” అన్నాడు. జరిగి నడుమ కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్ళు. ఆ తర్వాత బండ్లు ఐదు మారాయి, నా చోటు మారలేదు. మీ అమ్మ పుట్టాక కిటికీ పక్క మీ అమ్మది. ఆమె పెళ్ళి చేసుకుని వెళ్ళాక కుక్కది. కుక్క కిటికీలోంచి తల బయట పెట్టి కూర్చునేది, నేను నడుమ, మీ తాతయ్య స్టీరింగు దగ్గర. పక్కన ఎంత ఖాళీ ఉన్నా నేను నడుమే. ఇక్కడ మా ఈడు ఆడవాళ్ళందరూ అంతే. ఎవరైనా కిటికీ పక్కకు జరిగితే ఆ ఇంట్లో ఏదో జరిగిందని ఊరు చెప్పుకుంటుంది.

నువ్వు అక్కడ పెట్టె పెట్టావు. నేను కిటికీ పక్కకు వెళ్ళాను. కుక్క బండి వెనక తొట్టిలోకి వెళ్ళింది. శీతాకాలమంతా అది వెనక అద్దంలోంచి నన్ను చూసిన చూపు నీకు తెలియదు. “తాతయ్య మూత మీద చెయ్యి పెట్టుకుంటున్నాడా, ఎత్తు సరిపోయిందా?” అని నవంబరు ఉత్తరంలో అడిగావు. పెట్టుకుంటున్నాడని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఆ చెయ్యి నలభై ఒక్క ఏళ్ళు నా మోకాలి మీద ఉండేది.

నాకు అడగడం చేతకాదు. అది నా చోటు అని నోరు తెరిచి చెప్పుకోవలసి రావడమే నాకు తలవంపు. అందుకని లెక్క వేశాను. బురద వస్తుంది, లివరు ఆగుతుంది, బాల్జర్ ట్రాక్టరుతో లాగుతాడు, ఊరు నవ్వుతుంది, పెట్టె బయటికి పోతుంది, నేను ఒక్క మాటా అననక్కర్లేదు. ఇదీ నా లెక్క. మీ తాతయ్య సుత్తి తీసి మళ్ళీ లోపల పెడతాడని ఆ లెక్కలో వెయ్యలేదు.

అతనికి చెప్పాను. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజున, కట్టు మారుస్తూ, ముఖం చూడకుండా చెప్పేశాను. “అడిగితే తీసేసేవాణ్ణిగా టీలీ” అన్నాడు.

“అడగాలా?” అన్నాను.

కట్టు చివర ముడి వేస్తుంటే అన్నాడు, “అక్టోబరు నుంచీ ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ మూత మీద పెట్టుకుంటున్నా.”

నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ మాట నవంబరులో అనలేడా? నోట్లో ఏముంది, రాళ్ళా? ఇద్దరం ఒకే బండిలో, ఒకే పెట్టెకు అటూ ఇటూ కూర్చుని, ఐదు నెలలు కిటికీల్లోంచి బయటికి చూస్తూ చర్చికి వెళ్ళి వచ్చాం. నీ పెట్టె చెడ్డదైతే ఎవరో ఒకరం దాన్ని తిట్టి ఉండేవాళ్ళం. మరీ అంత బాగా చేశావు. అది నీ మీద ఇంకో కోపం.

మర్నాడు నేనే రంపం తీసుకుని వెళ్ళి ఆ ముక్కు కోశాను. కోత వంకరగా వచ్చింది. వార్నిష్ పెచ్చులు లేచింది. నువ్వు చూస్తే మొహం తిప్పుకుంటావు. కానీ లివరు ఇప్పుడు చివరి గాడిలోకి వస్తోంది. పన్నెండుసార్లు లాగి చూశాను. కోసిన ముక్కను మీ తాతయ్య పారెయ్యనివ్వలేదు. మంచం పక్కన, కళ్ళజోడు పెట్టుకునే చోట పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఎవరిది ఎంతో తేల్చి చెబుతాను, విను. కదిలే వస్తువును కదిలించి చూడకుండా కొలవకూడదు. నువ్వు కొలిచావు. అది నీ తప్పు. అంగుళంపావు. అంతకు మించి నీది ఒక్క వెంట్రుక కూడా లేదు. ఏటేటా ఆ లివరు లాగుతూ అప్పుడు గుర్తు చెయ్యకపోవడం, సుత్తి చేతిలో ఉండీ నడిచి రావడం మీ తాతయ్యవి. తెలిసీ నోరు మూసుకున్నది నేను. కాలి వేళ్ళు నా పద్దులో ఉన్నాయి. వాటిని నువ్వు నీ పద్దులో రాసుకోవడానికి నేను ఒప్పుకోను. నా తప్పు మొయ్యడానికి నిన్ను ఎవరూ పిలవలేదు. దాన్ని మోస్తూ, ఆ బరువుతో నీ పని వదిలేసుకుంటే, నేను చేసింది మీ తాతయ్య కాలితో ఆగకుండా నీ చేతుల దాకా వచ్చినట్టు. అది మాత్రం జరగనివ్వను.

కనుక ఈ ఉత్తరం అందిన రోజునే హెల్మర్‌కు రాయి. వస్తానని రాయి. క్షమాపణలూ కన్నీళ్ళూ వద్దు, రెండు వాక్యాలు చాలు. అక్షరదోషాలు లేకుండా చూసుకో. నెలాఖరు దాకా అన్నాడు, ఓడ టపా ఎంత ఆలస్యమో నాకు తెలుసు కనుక నేను కూడా రేపు ఉదయం అతనికి ఫోన్ చేసి, నీకు చెప్పానని చెబుతాను. నా మీద కోపం వస్తే రానీ. వచ్చి తీరాలి కూడా. కోపంతోనే రా. ఈ ఇంట్లో కోపం కొత్త కాదు, భోజనం వేళకు అందరం బల్ల దగ్గరే ఉంటాం.

వచ్చాక నువ్వు చెయ్యవలసిన మొదటి పని హెల్మర్ షాపులో కాదు, మా షెడ్డులో. ఆ పెట్టె తీసి మళ్ళీ చెయ్యి. పొట్టి ముక్కుతో చెయ్యి. లివరును చివరిదాకా లాగి, అక్కడ పెట్టి, అప్పుడు కొలువు. మూతా పెట్టే కలిపి వెనక కీళ్ళ మీద లేచి, సీటు వీపుకు ఆనుకుని నిలబడాలి. వీపుకు ఆనే వైపు కూడా మెత్తగా ఉండాలి, రెగ్జిన్ నేను కుడతాను. తాతయ్య ఒక్కడే గొడ్ల దగ్గరకు వెళ్ళినప్పుడు దించుకుంటాడు, సామాన్లు పెట్టుకుంటాడు. మిగతా వేళల్లో అది లేచి ఉంటుంది. ఎందుకని హెల్మర్ అడిగితే అమ్మమ్మ చెప్పిందని చెప్పు. అంతకు మించి చెప్పకు.

నడుమ నేను కూర్చునే చోటు కొలత ఇక్కడ రాస్తున్నాను, భద్రంగా ఉంచుకో. పదహారున్నర అంగుళాలు. చలికాలపు కోటు వేసుకుని కూర్చుని కొలిచాం. టేపు ఒక చివర మీ తాతయ్య పట్టుకున్నాడు. పదిహేను చాలన్నాడు. అతని మాట వినకు.

ఇట్లు,
కోపం తగ్గని, నీ కోసం కిటికీ పక్కనే కూర్చుని ఎదురుచూసే
నీ అమ్మమ్మ ఒటీలియా